దానియేలు తాత వెలిగించిన నీళ్లు

నిన్న ఫస్ట్ పీరియడ్ అయిపోయి స్టాఫ్ రూమ్‌లోకి వచ్చేసరికి ఫోన్‌లో ఏడు మిస్డ్ కాల్స్. అన్నీ సూర్యాపేట నుంచే.

దానియేలు తాత ఇక లేడు.

తొంభై ఆరేళ్ల మనిషి, ఎప్పుడో ఒకప్పుడు వినాల్సిన వార్తే కదా అంటారు. అనండి. నాకు మాత్రం అలా అనిపించలేదు. మొన్న ఆదివారమే ఫోన్ చేసి "పిల్లలకు ఏం పాఠం చెప్తున్నవే?" అని గంటసేపు తగులుకున్నాడు.

ఆయన మాకు చుట్టం కాదు. వాళ్లు చర్చికి పోతారు, మేం గొర్లు కాసుకున్న ఇంటివాళ్లం. అయినా మా ఇంట్లో ఏ పెళ్లి జరిగినా మొదటి బట్టలు ఆయనకే. ఎందుకో తెలియనివాళ్లకు ఇవాళ చెప్పాలి. గర్వంగా చెప్పాలి.

1948లో పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలం. కోదాడ దగ్గరి చిలుకూరు అవతల మా నాయనమ్మ పుట్టిన ఊరు. ఊరిబావి నీళ్లు తాగినవాళ్లకల్లా వాంతులు, విరేచనాలు. ఇద్దరు పసిపిల్లలు పోయారు.

ఊరు కారణం వెతికింది. మా నాయనమ్మ వాళ్లమ్మ ఎల్లమ్మ దొరికింది. మొగుడు పోయి, ముగ్గురు పిల్లలతో గొర్లు కాసుకునే ఆడమనిషి. నోరు కొంచెం పెద్దది. ఇంకేం కావాలి? బాణామతి, అదే చేతబడి, చేస్తోందన్నారు.

అప్పట్లో అలాంటి ఆడవాళ్లను ఏం చేసేవాళ్లో తెలుసా? మంత్రం నోట పలక్కుండా పళ్లు పీకేసేవాళ్లు. ఆ తర్వాత ఊరి నుంచి వెళ్లగొట్టేవాళ్లు. ఎల్లమ్మకు రోజు కూడా పెట్టేశారు.

తాతకు అప్పుడు ఇరవై ఏళ్లు. ఆ ఊరి దళితవాడలోనే పుట్టాడు. హైదరాబాద్‌లో ఇంటర్ చదువుతుంటే గడబిడల్లో కాలేజీ మూతపడింది. వచ్చి కోదాడలో ఒక దవాఖానలో కాంపౌండర్‌గా చేరాడు.

గజ్జి మలాములో కలిపే రిసార్సినాల్ దవాఖానలో ఉంది. కాలేజీ ల్యాబ్ నుంచి తెచ్చుకున్న థాలిక్ అన్‌హైడ్రైడ్ ట్రంకుపెట్టెలో ఉంది. రెండూ తెల్లటి పొడులే. రెండు చుక్కల యాసిడ్ వేసి స్టవ్ మీద కరిగిస్తే ఎర్రటి ముద్ద అవుతుంది. దాన్ని కాస్టిక్ సోడా నీళ్లలో కరిగించి ఎండలో పట్టుకుంటే చిలకపచ్చ వెలుగు!

ఫ్లోరెసిన్. ఎండలోని నీలం వెలుగును మింగి ఆకుపచ్చగా తిరిగి ఇచ్చే రంగు. చిటికెడు చాలు, ఎన్ని బిందెల నీళ్లలో కలిసినా ఎండలో పట్టిస్తుంది.

తాత అనుమానమంతా పటేల్ పశువుల కొట్టం వెనక ఉన్న పెంటగుంత మీద. అది బావికి పక్కనే ఉంది, దాని మురుగు బావిలోకి ఊరుతోందని. నేరుగా పటేల్ దగ్గరికే పోయాడు.

"పటేలా, ఈ రంగు మీ పెంటగుంతల పోస్త. నాలుగు దినాలకు బావి నీళ్లల్ల గిదే రంగు మెరిస్తే రోగం గుంతది, ఎల్లమ్మది కాదు. మెరవకపోతే ఇగ మీ ఇష్టం."

పటేల్ నవ్వి సరే అన్నాడట.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం ఊరంతా బావి దగ్గర. మధ్యలో ఎల్లమ్మ. ఆమె కొంగు పట్టుకుని ఆరేళ్ల మా నాయనమ్మ. పక్కనే పట్టకారుతో ఒకడు.

తాత బావిని ముట్టుకోకూడదు. వాడ మనిషి కదా! అందుకని పటేల్ ఇంటి రాగి చెంబులోకి నీళ్లు తోడి, ముట్టుడు కాకుండా పైనుంచి ఆయన సీసాలోకి పోశారు.

తాత సీసాను ఎండకు ఎత్తాడు.

ఏమీ లేదు.

మామూలు నీళ్లు. జనం గొల్లున నవ్వారు.

"నా పరువు పోతే పాయె, గామె నోట్ల నెత్తురు సూడాల్నా అనుకున్న బిడ్డా." ఈ కథ చెప్పిన ప్రతిసారీ తాత ఈ మాట అనేవాడు.

అప్పుడు సీసా వాసన చూశాడు. పులుపు!

"పటేలమ్మా, చెంబు దేనితోని తోమిండ్రు?"

"చింతపండుతోనిరా. పదిమంది ముందటికి తెచ్చే చెంబు, తళతళ మెరవొద్దా?"

చెంబు అడుగున గుజ్జు అలాగే ఉంది. పులుపు తగిలితే ఆ వెలుగు ఆరిపోతుంది. సున్నం తగిలితే మళ్లీ వస్తుంది. ఎల్లమ్మ ఆకువక్కల సంచిలో సున్నం ఉంది. కానీ తాత ఆమెను అడగలేదు. అడిగితే అదే మంత్రమనేవాళ్లు. తెలివి చూడండి!

"పటేలా, మీ సున్నం జరంత ఏయిండ్రి. మీ చేతులతోనే."

పటేల్ వేశాడు. తాత సీసా ఊపాడు.

సీసా నిండా చిలకపచ్చ వెలుగు.

"పట్టపగలు నీళ్లల్ల దీపం పెట్టినట్టయింది బిడ్డా. పట్టకారోడు పట్టకారు ఎనకకు దాసుకున్నడు" అంటుంది నాయనమ్మ.

పెంటగుంత పూడ్చారు. బావి తోడించి మందు చల్లారు. వాంతులు ఆగాయి.

ఎల్లమ్మకు ఎవరూ సారీ చెప్పలేదు. తాతను బావి ముట్టనిచ్చారా అంటే, అదీ లేదు. ఇది రాస్తుంటే నాకు ఒళ్లు మండుతోంది. ఆయన మాత్రం "ఆమె బతికింది, సాలదా?" అనేవాడు.

రెండేళ్ల కింద ఇక్కడ మిర్యాలగూడలో కంటి డాక్టర్‌కు చూపించాను. ఆమె తాత కంటికి ఫ్లోరెసిన్ అద్దిన నారింజరంగు కాగితం ముక్క ఆనించి నీలం లైటు వేసింది. తాత ఊరుకుంటాడా! "అమ్మా, గీ సరుకు నేను కోదాడల స్టవ్ మీద వండిన" అన్నాడు. డాక్టరమ్మ పాపం పెద్దాయన అన్నట్టు నా వైపు చూసింది. "నిజమే మేడమ్. నేను కెమిస్ట్రీ లెక్చరర్ని, ఈయన వల్లే అయ్యాను" అన్నాను. నా ఎమ్మెస్సీ రిజల్ట్ వచ్చిన రోజు కూడా అంత గర్వపడలేదు.

ఇవాళ సూర్యాపేటలో సమాధి చేస్తున్నారు. నాయనమ్మకు మోకాళ్లు సహకరించవు. రావొద్దంటే నా మీదికి లేచింది.

"మా అవ్వ ఎల్లమ్మ ఎనభై ఏండ్లు బతికి, పొయ్యేనాటి దాంక జొన్న పేలాలు నమిలిందే. అది ఎవ్వల పుణ్యం? మొదటి పిడికెడు మట్టి నేనే ఏస్త."

కారెక్కి కూర్చుంది. బయల్దేరుతున్నాం.

వెళ్లిరా తాతా. నీ పేరు మా ఇంట్లో పిల్లల పిల్లలకు కూడా చెప్తాం. నువ్వు మాత్రం ఏ దిగులూ లేకుండా చల్లగా నిద్రపో.