గంధం పెట్టిన హెడ్‌ఫోన్లు

పెళ్ళైన కొత్తలో మా ఆయన మంగంపేట గనుల దగ్గర పనిచేసేవాడు. నేను కమలాపురంలో అత్తగారింట్లో ఉండేదాన్ని. ముందు కిరాణా కొట్టు, వెనక ఇల్లు. ఇంటికంతటికీ ఒకటే సెల్‌ఫోను, అదీ కొట్లో మామగారి గల్లాపెట్టె మీద. ఆయన ఫోన్ చేస్తే సరుకులకొచ్చిన వాళ్ళందరి ముందూ నిలబడి "ఆఁ", "ఊఁ", "సరే" అనడమే నా కాపురం.

ఒకసారి వచ్చినప్పుడు వైరు లేని హెడ్‌ఫోన్లు తెచ్చాడు. ఆ ఫోనుకు జత కలిపి, నా చెవులకు పెట్టి, ఒక పాట వినిపించాడు. "ఇంగ నువ్వు వంటింట్లో నుంచే మాట్లాడొచ్చు" అన్నాడు. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు.

తీరా ఆయన ఊరెళ్ళి ఫోన్ చేస్తే, చెవిలో ఏదో గొణుగుడు తప్ప మాట లేదు. ఆపి మళ్ళీ వేశాను. ఛార్జింగ్ పెట్టాను, సౌండు పెంచాను, జత విడదీసి మళ్ళీ కలిపాను. నీలం దీపం మాత్రం చక్కగా వెలుగుతోంది. "మంగంపేటకు కేకేస్తే ఇంతకంటే బాగా ఇనపడ్తాది" అన్నారు మామగారు. నాకు ఏడుపొచ్చింది.

చివరికి వెలుతురులో పట్టుకుని చూస్తే, రెండు వైపులా మాట వచ్చే జల్లెడ మీద గంధం గట్టిగా ఎండిపోయి ఉంది. ఆ ఇంట్లో తక్కెడైనా, తాళం కప్పైనా, కొత్తది వస్తే గంధం, కుంకుమ పెట్టందే వాడరు. ఆయన బస్సెక్కగానే అత్త దీనికీ సరిగ్గా నడిమధ్యన బొట్టు పెట్టేసింది. బొట్టు చెరపడానికి నాకు చెయ్యి రాలేదు. అది గమనించి అత్తే పాత బ్రష్షు తెచ్చిచ్చింది. "గీకెయ్యమ్మా, దేవుడేమనుకోడులే. వాని మాట నీకు ఇనపడాల గదా."

మర్నాడు ఫోన్ వచ్చింది. "ఇనపడ్తాందా?" ఆయన ఊపిరి కూడా వినిపించింది. దాన్నే వింటూ జవాబు చెప్పడం మరిచాను. మళ్ళీ అడిగాడు. "ఈ పొద్దు కూడా ఇనపడల్యా" అని తనలో తనే గొణుక్కున్నాడు. తర్వాత మెల్లగా, "నువ్వు లేకుంటే ఈడ ఏమీ తోచదే. శానా దిగులుగా ఉండాది" అన్నాడు.

మళ్ళీ వినాలని నాకు ఆశ పుట్టింది. "ఇనపడల్యా. ఇంగోసారి చెప్పండి" అన్నాను.

"ఏం లేదులే. అన్నం తిన్యావా?" అన్నాడు.

ఆ దిగులు మాట ఆయన మళ్ళీ ఎప్పుడూ అనలేదు. ఇన్నేళ్ళయినా, ఊరెళ్ళి ఫోన్ చేసి అన్నం తిన్నావా అని అడిగినప్పుడల్లా, నేను వెంటనే జవాబు చెప్పను. కొంచెంసేపు ఊరుకుంటాను.