మా నాయిన మాట

నా చిన్నప్పుడు నారాయణఖేడ్‌లో మా వాడ మొత్తానికి ఒక్క షావుకారు ఇంట్లోనే టీవీ ఉండేది. వారానికోసారి సాయంత్రం అందులో ఒక నవ్వుల నాటిక వచ్చేది. అందరికంటే ఎక్కువగా నవ్వించేది మా చిన్నమామ, అంటే మా అమ్మ తమ్ముడు. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే మామను మా నాయినే తెచ్చుకుని పెంచాడు. సైకిళ్లు బాగుచేసి బతికే మనిషి, బామ్మర్దిని కొడుకులా చదివించి హైదరాబాద్ బస్సెక్కించాడు.

మా నాయినకు నత్తి. 'మ' అక్షరం దగ్గర మాట మరీ అడ్డం పడేది. పెదవులు బిగుసుకునేవి, మెడ మీద నరం తేలేది. ఎంతోసేపటికి గానీ మాట బయటికి వచ్చేది కాదు. మామ టీవీలో వేసే నౌకరు వేషానిది కూడా సరిగ్గా అదే నత్తి. ఆ నౌకరు "మ్మ... మ్మ... మంచిగుంది దొరా" అనగానే షావుకారు వాకిలంతా పొట్టలు పట్టుకుని నవ్వేది. ఆ మాట బడిలోకి వచ్చింది, అంగట్లోకి వచ్చింది. మామకు హైదరాబాద్‌లో బంగ్లా ఉందని, కారు ఉందని పక్కనున్న కల్హేర్ నుంచి వచ్చినవాళ్లు కూడా చెప్పుకునేవారు. అవి నిజం కాదని తెలిసినా నేను కాదనేదాన్ని కాదు.

ఒక సాయంత్రం నాటిక మధ్యలో నాయిన నన్ను పిలవడానికి వచ్చి షావుకారు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "మ్మ... మ్మ... మా బిడ్డ ఉన్నదా?" అన్నాడు. టీవీలో నౌకరే గుమ్మంలోకి వచ్చినట్టు వాకిలంతా ఘొల్లుమంది. ఆ నవ్వులో నా నవ్వు కూడా ఉంది. నాయిన తల వంచుకుని వెళ్లిపోయాడు. నేను మాత్రం నాటిక అయిపోయేదాకా లేవలేదు. ఆ తర్వాత ఆయన ముఖంలోకి సూటిగా చూడడం మానేశాను.

కొన్నాళ్లకు బడి మైదానంలో మామకు సన్మానం పెట్టారు. ఆ రోజు మామతో పాటు సినిమాలు తీసే ఒకాయన కూడా కారులో వచ్చాడు. మా ఇంట్లో చాయ్ తాగుతూ ఆయన మామతో తేల్చి చెప్పాడు. "ఆ నత్తి మాటకు జనం ఎలా నవ్వుతారో ఇవాళ నా కళ్లతో చూడాలి. నవ్వారా, నా సినిమాలో వేషం నీదే."

ఆయన చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లగానే అమ్మ మామను వంటింట్లోకి లాగింది.

"గా మాట ఇయ్యాల వద్దు తమ్మీ. బావ ముంగటనే కూసుంటడు."

"అందరు గదే అడుగుతుండ్రు అక్కా. అది లేకుంటే నేనేంది? గీ సినిమా దొరికితే బావకు బస్టాండ్ కాడ పక్కా దుకాణం పెట్టిస్త."

గోడకు అవతల నాయిన అంగీ గుండీలు పెట్టుకుంటున్నాడు. ఆయన అంతా విన్నాడని నాకు తెలుసు. రావద్దని అమ్మ కళ్లతోనే బతిమాలింది. ఆయన చెప్పులు తొడుక్కుని మా అందరికంటే ముందు బయలుదేరాడు.

మైదానం కిక్కిరిసింది. మొదటి వరుసలో నాయిన పక్కన నేను కూర్చున్నాను. దండలు వేశారు, ఉపన్యాసాలు అయ్యాయి. వెనక నుంచి ఈలలు మొదలయ్యాయి. "నౌకరు మాట! నౌకరు మాట!" నాయిన నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన చెయ్యి నా చేతికంటే చల్లగా ఉంది.

మామ మైకు దగ్గరికి వచ్చి పెదవులు బిగించాడు. "మ్మ... మ్మ..."

జనం ఒక్కసారిగా ఘొల్లుమన్నారు. నేను నాయిన వైపు చూశాను. ఆయన నవ్వుతున్నాడు. బామ్మర్దికి వేషం దొరకాలని, పళ్లు కనబడేలా, బలవంతంగా నవ్వుతున్నాడు. మామ కూడా అది చూశాడు. నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది, మాట రాలేదు.

"కానియ్! కానియ్!" అని అరుపులు. సినిమా ఆయన కుర్చీలో అసహనంగా కదిలాడు. నాయిన నా చెయ్యి వదిలి లేచి నిలబడ్డాడు. జనం వైపు తిరిగి, "మ్మ... మ్మ... మంచిగ చెప్తడు, ఆ... ఆగుండ్రి" అన్నాడు.

మైదానమంతా మళ్లీ పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ముందు వరుసల్లో ఉన్నది ఆయన దగ్గర సైకిళ్లు బాగుచేయించుకునేవాళ్లే. అది వేషం కాదని తెలిసిన వాళ్లు నవ్వడం ఆపారు. ఆ నిశ్శబ్దం వరుస తర్వాత వరుసగా వెనక్కి పాకింది.

"గీ మాట నాది కాదు," అన్నాడు మామ. మైకులో ఆయన ఊపిరి వినబడుతోంది. "గాయన మా బావ. నన్ను సాకిన మనిషి. నోరు తిరగక ఆయన పడ్డ తిప్పలు పట్టుకపోయి నేను అమ్ముకున్న. ఇగ అమ్మను."

వేదిక దిగి వచ్చేశాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక కొందరు విసుక్కున్నారు కూడా. సినిమా ఆయన కారు మా ఇంటివైపు తిరగకుండానే ఊరు దాటింది.

ఇంట్లో నాయిన అంత కోపంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. "ఎ... ఎందుకు పోగొట్టుకున్నవురా? నేను లే... లేసి చెప్తి గద!"

మామ గడపమీద కూర్చున్నాడు. "నువ్వు నవ్వితివి బావా. గా నవ్వు చూసుడు నాతోని కాలే."

అమ్మ కంచాలు పెట్టింది. ఎవరూ కూర్చోలేదు. నేను నాయిన దగ్గరికి వెళ్లి, ఎంతకాలంగానో లోపల కుక్కుకున్నది చెప్పేశాను. "నాయినా, షావుకారోళ్ల ఇంట్ల గా దినం నేను కూడ నవ్విన."

ఆయన పెదవులు బిగుసుకున్నాయి, నరం తేలింది. నేను కళ్లు తిప్పుకోకుండా నిలబడ్డాను. "తె... తెలుసు బిడ్డా," అన్నాడు చివరికి. "అ... అన్నం తిను."

నత్తి మానేసిన ఆ నౌకరు టీవీలో ఎవరికీ నచ్చలేదు. కొన్ని వారాలకే నాటికలో మామకు బదులు వేరే మనిషి వచ్చాడు. తర్వాత ఆయన బతికినన్నాళ్లూ చిన్నచిన్న వేషాలే వేశాడు, రెండు గదుల అద్దె ఇంట్లోనే ఉన్నాడు. నాయిన దుకాణం రోడ్డు పక్క రేకుల కిందే ఉండిపోయింది. ఆ సినిమా దొరికి ఉంటే మన బతుకులు ఎలా ఉండేవో అని అమ్మ అప్పుడప్పుడు అనేది.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. పిల్లలకు పాఠాలు చెబుతాను. మాట కోసం తడుముకునే పిల్ల తరగతికి ఒకతైనా ఉంటుంది. పక్కవాళ్లు ఆ మాటను ముందే అందించబోతే వారిస్తాను. నేనూ అందించను. ఆ పిల్ల కళ్లలోకి చూస్తూ నిలబడతాను, మాట దానంతట అది వచ్చేదాకా.