రెండు పాస్‌పోర్టులు, ఒక్క జట్టు

మా అమ్మకి కడుపులో మాట దాగదు. అది తెలిసి కూడా ఫోన్ పెట్టేసిన పది నిమిషాల్లో ఆవిడకి అంతా చెప్పేశాను, బుద్ధి లేక. ఐర్లాండ్ క్రికెట్ జట్టు సెలెక్టర్ ఫోన్ చేశాడని, వచ్చే నెల రెండు మ్యాచ్‌లకి నన్ను తీసుకుంటామన్నాడని, బాగా ఆలోచించుకుని పది రోజుల్లో చెప్పమన్నాడని. ఆ చివరి ముక్క ఆవిడ చెవికి ఎక్కలేదు.

నాకు మ్యాచ్ లేని ఆదివారం అది. షెఫీల్డ్‌లో మా తెలుగు ప్రార్థన కూడికలో అమ్మ లేచి సాక్ష్యం చెప్పింది. సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకోవడం. వీసా వచ్చినా, డ్యూటీ రోటాలో క్రిస్మస్ రోజు సెలవు దొరికినా మావాళ్ళు సాక్ష్యం చెప్పకుండా ఉండలేరు.

"దేవుడు నా బిడ్డకి రెండు పాస్‌పోర్టులిచ్చాడు, ఇప్పుడు రెండు జట్లిచ్చాడు. ఇక్కడ కౌంటీకి ఆడతాడు, అక్కడ ఐర్లాండ్‌కి ఆడతాడు. రేపు ఇంగ్లండ్ వాళ్ళు పిలిస్తే వాళ్ళకీ ఆడతాడు!" అంది. నలభై మంది ఒక్క గొంతుతో హల్లెలూయ అన్నారు. ఒక ఆంటీ అయితే అప్పటికే కేక్ చేసి తెచ్చింది, దాని మీద బ్యాటూ బంతీ కూడా వేసి. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా కేక్ కోశాను, ఏం చేస్తాను.

నేను డబ్లిన్‌లో పుట్టాను. అమ్మ అక్కడ నర్సుగా చేరిన కొత్త రోజులవి. ఎనిమిది నెలలు నిండగానే నన్ను తెనాలిలో అమ్మమ్మ దగ్గర దింపి డ్యూటీకి వెళ్ళిపోయింది. పదకొండేళ్ళప్పుడు షెఫీల్డ్‌కి తెచ్చుకుంది. అలా పుట్టినందుకు ఐర్లాండ్ పాస్‌పోర్టు, ఇక్కడ పెరిగినందుకు బ్రిటిష్‌ది. ఎయిర్‌పోర్టులో రెండూ పనికొస్తాయి. ఆటలో అలా కుదరదు. ఇంటికి గంట దూరంలో ఉన్న కౌంటీ, అంటే ఇక్కడి జిల్లా జట్టు, నాకు స్థానిక ఆటగాడిగా ఉద్యోగం ఇచ్చింది. నేను ఎడంచేతి స్పిన్నర్ని. ఐర్లాండ్ తరఫున ఒక్క మ్యాచ్ ఆడానంటే చాలు, ఆ సీజన్ దాటాక కౌంటీ లెక్కలో నేను విదేశీ ఆటగాడిని. జట్టులో విదేశీయులకి ఉండే చోట్లే తక్కువ. వాటికి ప్రపంచంలో పేరు మోసినవాళ్ళని తెచ్చుకుంటారు గానీ నన్నెందుకు పెట్టుకుంటారు?

కారులో కూర్చోగానే అమ్మ మీద విరుచుకుపడ్డాను. "ఎవరు చెప్పమన్నారు మమ్మీ నిన్ను? రెండూ కుదరవు. ఒకటే."

"ఎందుక్కుదరదు? నేను ఇన్నేళ్ళు చెయ్యలా? ఒకచోట పర్మినెంట్, సెలవు రోజున ఇంకో హాస్పిటల్లో బ్యాంక్ షిఫ్టు."

అప్పుడర్థమైంది ఆవిడ లెక్క ఏమిటో. మా కూడికలో సగం మంది నర్సులు. అందరూ ఉద్యోగం ఒకచోట చేస్తూ, ఖాళీ రోజున మరోచోట అదనపు షిఫ్టు పట్టుకునేవాళ్ళే, దాన్నే బ్యాంక్ షిఫ్టంటారు. అందుకే ఆ నలభై మందిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. వాళ్ళ దృష్టిలో ఐర్లాండ్ నా బ్యాంక్ షిఫ్టు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎర్ర లైటు దగ్గర కారాపి మొత్తం విడమరిచి చెప్పాను. ఐర్లాండ్‌కి వెళ్తే సీజన్ అయ్యాక ఇక్కడ నా ఉద్యోగం పోతుంది.

అమ్మ వెంటనే మాట మార్చింది. "అయితే వద్దురా నాన్నా. పర్మినెంట్ వదులుకుని ఎవడన్నా షిఫ్టుకి పోతాడా?"

"మరి నువ్వు గుంటూరులో పర్మినెంట్ ఉద్యోగం వదిలేసి డబ్లిన్‌కి ఎందుకొచ్చావ్?"

"అది వేరు. నీకోసం వచ్చా."

"అప్పటికి నేను నీ కడుపులో కూడా పడలేదు కదా!"

"నోర్ముయ్," అంది.

కౌంటీ కోచ్ మంచివాడు, దాపరికం లేదు. ఇక్కడే ఉంటే ఇంకో రెండేళ్ళు కాంట్రాక్ట్ ఇస్తాం, వెళ్తే ఇవ్వలేం అన్నాడు. ఆ రెండేళ్ళలో నేనేం చేస్తానో నాకు బాగా తెలుసు. ఎక్కువ రోజులు రెండో జట్టుకి ఆడతాను, మిగతా రోజులు మొదటి జట్టుకి నీళ్ళ సీసాలు మోస్తాను. నాకు ఒక దేశం తరఫున బంతి వెయ్యాలని ఉంది. ఎనిమిది నెలలు ఉన్న దేశమైతేనేం, నన్ను పిలిచింది అదే కదా. తొమ్మిదో రోజున ఫారం మీద సంతకం పెట్టాను.

తరువాతి ఆదివారం అమ్మ మళ్ళీ లేచింది. "పోయిన వారం నేను తప్పు చెప్పాను. ఒకటే జట్టు. ఇక్కడి ఉద్యోగం వాడే వదులుకున్నాడు. ప్రార్థన చెయ్యండి," అని కూర్చుంది. చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకున్నవాళ్ళని మా కూడికలో నేనెప్పుడూ చూడలేదు. ఎవరూ హల్లెలూయ అనలేదు.

డబ్లిన్ దగ్గర నా మొదటి మ్యాచ్‌కి అమ్మ సెలవు పెట్టి వచ్చింది. నేను మూడు ఓవర్లు వేస్తే చావబాదారు. ఒక్క వికెట్ పడలేదు. కెప్టెన్ బంతి తీసుకుని నన్ను బౌండరీ దగ్గరికి పంపేశాడు. అక్కడ నిలబడ్డాక భయం పట్టుకుంది. మ్యాచ్ ఆడేశాను. ఇక వెనక్కి వెళ్ళే దారి లేదు. ఓవర్ ఓవర్‌కీ కెప్టెన్ వైపు చెయ్యెత్తి బంతి అడిగాను. ఇవ్వలేదు.

అంతా అయ్యాక అమ్మ కంచె దగ్గరికొచ్చింది.

"ఒక్కటి కూడా పడలేదేంట్రా?"

"పడలేదు మమ్మీ."

"కౌంటీ వాళ్ళు ఇంక తీసుకోరా?"

"తీసుకోరు."

అమ్మ ఖాళీ గ్రౌండ్ కేసి తిరిగింది. "ఈ ఊళ్ళో నా మొదటి డ్యూటీ రోజున పేషెంట్లు మాట్లాడేది ఒక్క ముక్క అర్థం కాలేదు. బాత్రూమ్‌లో గడియ పెట్టుకుని ఏడ్చాను," అంది. ఇన్నేళ్ళలో ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదు.

"తర్వాతేం చేశావ్?"

"ఏం చేస్తాను? తెల్లారి మళ్ళీ డ్యూటీకెళ్ళాను."

కిట్ బ్యాగ్ ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టి ఐర్లాండ్ కోచ్‌ని వెతుక్కుంటూ వెనక్కి నడిచాను. రేపు ప్రాక్టీసుకి నెట్స్ ఎన్నింటికి తీస్తారో కనుక్కోవాలి.