ప్రతి ఏడూ మొదటి పాఠం చెప్పిన మేడమ్

మా మేడమ్ పోయిన కబురు నాకు అద్దం అవతలి నుంచి వచ్చింది. పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో, ఇంజెక్షన్ సీసాలు నింపే గదిలో ఉన్నాను అప్పుడు. ఆ గదిలోకి ఫోన్లు రావు. ఒళ్లంతా కప్పుకుని, కళ్లకు కూడా అద్దాలు బిగించుకుని లోపలికి పోవాలి. బయట వరండాలోంచి మా సెక్షన్ సార్ ఇంటర్‌కమ్ ఎత్తమని సైగ చేశాడు.

"మీ కాలేజీ మేడమ్ బిడ్డ ఆఫీసుకు ఫోన్ చేసిందమ్మా. మేడమ్ పొద్దున గుండె ఆగి పోయిండ్రంట. పగటి జొహర్ నమాజు యాళ్లకు తీస్కపోతరంట."

"నేను బయటికొస్త సార్. నా జాగల ఎవరినన్న పంపుండ్రి."

"ఎవర్ని పంపాలె? ఒకామె సెలవుల ఉంది, ఇంకొకామెకు జలుబు. జెర ఓపిక పట్టు తల్లీ. ప్లేట్లు మూసినంక జల్దీ పో."

జలుబు ఉన్నవాళ్లను ఆ గది గడప తొక్కనివ్వరు. గాలిలో సూక్ష్మజీవి ఏదైనా తిరుగుతుంటే పట్టుకోవడానికి, వాటి తిండి గడ్డకట్టించిన ప్లేట్లను మూతలు తీసి పెట్టి ఉన్నాను. గడువు తీరేదాకా అవి తెరిచే ఉండాలి, పక్కన నేను ఉండాలి. మధ్యలో వదిలేసి వస్తే ఆ పూట నింపిన సీసాలన్నీ అనుమానంలో పడతాయి. నాకు కావలసింది ఒక్కటే, ఆమె ముఖం చివరిసారి చూడడం. వాళ్ల ముస్లింలలో ఆడవాళ్లు ఖబరస్తాన్‌కు, పాతిపెట్టే చోటికి, పోరు. ఇంటి నుంచి ఎత్తేలోపు చూస్తేనే చూపు.

ఆ గదిలో గబగబా నడవకూడదు, చేతులు ఊపకూడదు, గోడకు ఆనుకోకూడదు. ఏడుపొస్తే తుడుచుకునే వీలు కూడా లేదు. ఏ దొంగకూ ఇన్ని నియమాలుండవు జైల్లో. కళ్లద్దాలు లోపలి నుంచి మసకబారుతుంటే అలాగే నిలబడి ఆమెనే తలచుకున్నాను.

సంగారెడ్డిలో ఒక చిన్న డిగ్రీ కాలేజీలో ఆమె మాకు మైక్రోబయాలజీ చెప్పారు. నేను హత్నూర వైపు పల్లె నుంచి బస్సులో వచ్చి చదువుకునేదాన్ని. సూక్ష్మజీవి అంటే రోగం, రోగమంటే ఆసుపత్రి, అంతే మాకు తెలిసింది. మొదటి రోజే ఆమె పుస్తకాలు మూయించారు. "కండ్లకు కనవడనోళ్లంత దుష్మన్లు కారు బేటా. ముందుగాల ఎవరెవరో తెల్సుకోండ్రి, తర్వాత భయపడుదురు" అన్నారు. ఎవరింట్లో ఏముంటే అది పట్టుకురమ్మన్నారు.

ఒకమ్మాయి బూజు పట్టిన రొట్టె తెచ్చింది. అమీన్‌పూర్ నుంచి వచ్చే అబ్బాయి చెరువు నీళ్లు పచ్చటి నాచుతో సహా తెచ్చాడు. ఇడ్లీ పిండి సరేసరి. అందులో బ్యాక్టీరియాను చూపిస్తూ, "గుండ్రంగ ఉన్నోళ్లు, కడ్డీ లెక్క ఉన్నోళ్లు. మెలికలు తిరిగినోళ్లు గూడ ఉంటరు, ఇయ్యాల రాలేదు" అని హాజరు పిలిచినట్టు చెప్పారు. ఇక ఈస్టు చూడాలంటే కల్లు కావాలన్నారు. బురఖాలో ఉన్న మేడమ్ నోట ఆ మాట రాగానే క్లాసంతా పగలబడి నవ్వింది.

"నవ్వకుండ్రి. తాగనీకి గాదు, సూడనీకి."

మా ఊళ్లో కల్లుకు కరువు లేదు కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. ఒలికిపోతుందని తెలివిగా సీసా మూత బలంకొద్దీ బిగించి బ్యాగులో పెట్టుకున్నాను. సంగారెడ్డి ఇంకా రాకముందే మూత ఢామ్మని లేచి బస్సంతా కల్లు వాన కురిసింది. "ఏందమ్మా, కాలేజీకి పోతున్నవా, కల్లు కాంపౌండుకు పోతున్నవా?" అన్నాడు కండక్టరు. ఏడుపు ముఖంతో పోయి నిలబడితే మేడమ్ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. "అవి బతికున్నయి బేటా. మూత బిగిస్తే ఊకుంటయా?" సీసా అడుగున మిగిలిన చుక్కలోనే, ఒళ్లంతా బుడిపెలు మొలిచిన ఈస్టును చూశాం.

వైరస్ మాత్రం మా మైక్రోస్కోపుకు అందదు. అది మాటలతోనే చూపించారు. "కిరాయికి దిగుతడు. మన పొయ్యి, మన గిన్నెలు, మన బియ్యం. పిల్లల్ని మాత్రం వాడు పెంచుకుంటడు. పోయేటప్పుడు ఇల్లు కూలగొట్టి మరీ పోతడు." అదే పాఠం తర్వాత లావు పుస్తకాల్లో చదివాను. ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదు.

ఆమెకో అలవాటు ఉండేది. చెరువు నీటి చుక్కను గాజు పలక మీద పెడితే అందులో పారమీషియంలు చెప్పు అచ్చు ఆకారంలో తెగ తిరుగుతుంటాయి. చుక్క ఆరేకొద్దీ వాటి లోకం చిన్నదవుతుంది. ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి, అంచుదాకా పోయి మళ్లీ వెనక్కి తిరుగుతాయి. మేం నోరు తెరుచుకుని చూస్తుంటే ఆమె మా భుజం మీంచి చెయ్యి చాపి అంచున ఇంకో చుక్క నీళ్లు వదిలేవారు. చూడడం అయ్యాక పలకను కడిగి ఆ నీళ్లను మళ్లీ డబ్బాలోనే పోసేవారు. "మన చదువు కోసం తీస్కొచ్చినం. పని గాంగనే చంపుతమా?" అనేవారు. మాకది చాదస్తంగా తోచేది.

కొలువులో చేరాక ఒకసారి ఆమె ఇంటికి పోయి మొర పెట్టుకున్నాను. "మీరు అన్నీ ఉన్నయని సూపించిండ్రు మేడమ్. నేనేమో ఏమీ లేవని సూపించే కొలువు చేస్తున్న. కిటికీ గూడ లేదు. పరేషాన్ అయితుంది."

ఆమె ఊరడించలేదు. టీ కప్పు పక్కన పెట్టారు. "నేను గూడ రిసర్చికి పోదామనుకున్న. ప్రతి ఏడు కొత్త పిల్లలు, మల్ల అదే మొదటి పాఠం. ఆన్నే ఆగిపోయిన బేటా." తర్వాత నా వైపు చూసి అన్నారు. "గని ఒక్కటి. మొదటి పాఠం ఒకలు చెప్పకుంటే, ముందుకు వొయ్యేటోళ్లు ఏడికెళ్లి వొస్తరు?"

ఆ మాటతో నా కొలువుకు కిటికీ మొలవలేదు. కానీ నేను ఒంటరిగా చిక్కుకోలేదని తెలిసింది. దానికి ఆమెకు ఎప్పుడూ కృతజ్ఞతలు చెప్పుకోలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

గడువు తీరాక ప్లేట్లు మూసి, ఒక్కో గదిలో ఒక్కో పొర విప్పుకుంటూ బయటపడ్డాను. సార్ తన బండి మీదే బయల్దేరదీశాడు. ముత్తంగి దగ్గర లారీలు అడ్డం తిరిగి, బండి కూడా దూరని సందులో ఇరుక్కున్నాం. ఎక్కడిదో మసీదులోంచి నమాజుకు పిలిచే అజాన్ వినిపించింది. నాకు కోపం వచ్చింది. లారీల మీద, సీసాల మీద, జలుబు మీద, చివరికి ఇంత పొద్దున్నే పోయిన మేడమ్ మీద కూడా.

మేడమ్ ఇంటికి చేరేసరికి వాకిట్లో మగవాళ్లెవరూ లేరు. మేడమ్ కూతురు గడపలోనే నిలబడి ఉంది.

"నీ కోసం ఆపమన్న అక్కా. కొద్దిసేపు ఆపిండ్రు. ఇగ నమాజుకు టైమైందని తీస్కపోయిండ్రు."

తను నా చేతులు పట్టుకుంది. పట్టుకుని, ఏదో అనుమానం వచ్చినట్టు వాటిని దగ్గరికి తీసుకుని వాసన చూసింది. లోపల ఉన్నంతసేపూ చేతులకు స్పిరిట్ పూసుకుంటూనే ఉండాలి. గ్లవ్స్ విప్పి ఎంత కడిగినా అది పోదు.

"ల్యాబుల స్పిరిట్‌తోని అమ్మీ చేతులు గిట్లనే వాసనొచ్చేటియి" అంది. "పొద్దున కర్పూరం నీళ్లు పోసి స్నానం చేపిచ్చిండ్రు. అత్తరు పూసిండ్రు. నేను సూసిన అక్కా, ఆ వాసన పోయింది."

నా రెండు అరచేతులూ ముఖానికి అదుముకుని అలాగే నిలబడిపోయింది. లోపలి నుంచి ఎవరో పిలిచారు, తను కదల్లేదు. నేనూ చేతులు వెనక్కి తీసుకోలేదు.