నాయన ఆపేసిన పాట

ఆ రోజుల్లో మా పూతలపట్టు వైపు డీజే అంటే మనిషని ఎవరూ అనుకునేవాళ్లు కాదు. అది ఒక వ్యాను. దానికి గోడంత ఎత్తు స్పీకర్లు కట్టి, ఊరేగింపుల్లో ఇళ్ల కిటికీలు అదిరేలా తిప్పుతారు. అందుకని, ఇంజనీరింగు ఎలాగో గట్టెక్కి ఇంట్లో కూర్చున్న నేను డీజే అవుతానని ప్రకటించినప్పుడు మా మేనత్త జాలిగా చూసి, "నీకు బండి తోలేది యాడొచ్చురా?" అంది. బండి కాదత్తా, రకరకాల చప్పుళ్లను కంప్యూటరులో కలిపి నేనే పాటలు చేస్తాను, వాటిని జనం ముందు పెడతాను అని వివరించాను. ఆమె ఇంకా భయపడి మా అమ్మ వైపు తిరిగింది. "వీణ్ని కాణిపాకం పిల్సకపోయి వినాయకుని ముందర ప్రమాణం చేయించు వదినా. తాగుబోతులే మానేస్తాండారు ఆడ!"

నాయన సంగతి వేరు. మాకు చెరుకు తోట, తోటలో ఇంజనుతో నడిచే బెల్లం గానుగ ఉండేవి. ఆయనకు ఏ మాటైనా గానుగ కట్టేసిన తర్వాతే చెవికెక్కేది. బెంగుళూరులో ఒక స్టూడియోవాళ్లు పనికి రమ్మన్నారని నాలుగోసారి చెప్పాక తీర్పు ఇచ్చాడు. "మీ పెదనాయన కూతురు పెండ్లిలో నీ పాట పెట్టు. జనం లేసి ఆడితే బెంగుళూరు పో. ఆడకుంటే మీ మామతో పాటు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేరు. ఇంగ మాట లేదు." మా మామ ఒంటి నుంచి పన్నెండు నెలలూ వచ్చే మామిడి వాసన గుర్తొచ్చి నాకు నిద్ర పట్టలేదు.

పెళ్లికి వారం ఉంది. ఎవరూ వినని చప్పుడు కావాలని ఊరంతా తిరిగి, చివరికి మా గానుగ దగ్గరే రికార్డరు పెట్టాను. ఇంట్లో కూర్చుని వింటే అంతా ఇంజను మోతే. మూడు రోజులు తంటాలు పడి, ఉల్లిపాయ పొరలు ఒలిచినట్టు ఆ మోతను తీసేశాను. అడుగున చెరుకు నలిగే కరకరల మధ్య ఒక 'టక్' బయటపడింది. రోలర్లు మూడు చుట్లు తిరిగితే ఒక టక్. పొడిగా, బిగువుగా, ప్రాణం లేచొచ్చేలా ఉంది. దాని చుట్టూ పాటంతా కట్టాను. (ఇంత గొప్ప శబ్దం పక్కనే ఉన్నా ఇన్నేళ్లూ ఎవరూ కనిపెట్టలేదే అని మా వంశం మీద జాలి కూడా పడ్డాను.)

పెళ్లిరోజు మధ్యాహ్నం, రెండో పంక్తి భోజనాలు నడుస్తుండగా పాట పెట్టాను. మొదట కొందరు మెడలు తిప్పి చూశారు. టక్ మొదలయ్యేసరికి పెళ్లికొడుకు స్నేహితులు కుర్చీలు పక్కకు జరిపారు. మేనత్త కాలు తనకు తెలియకుండానే తాళం వేస్తోంది. అంతలో సాంబారు వడ్డిస్తున్న నాయన బకెట్టు కిందపెట్టి, పంచె ఎగ్గట్టి నా వైపు వచ్చాడు. నాయన ఆడటం నేను పుట్టినప్పటి నుంచి చూడలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన నేరుగా పోయి స్పీకరుకు చెవి ఆనించాడు.

"ఆపు."

"నాయనా, జనం ఇప్పుడే లేస్తాండారు..."

"ఆపరా! ఇది మన గానుగేనా?"

"అవును."

"ఆ టక్కు నువ్వు కలిపినావా, దాంట్లోదేనా?"

"దాంట్లోదే," అన్నాను గర్వంగా.

"ఓరి నీ... బేరింగు పోయిండాదిరా!"

నా పాట సగంలో ఆగిపోయింది. పెళ్లిబట్టల్లోనే ఇద్దరం బండెక్కి తోటకు పోయాం. నాయన పట్టుపంచెతోనే కూర్చుని గానుగ విప్పాడు. బేరింగులో గుండ్లు పొడిపొడిగా రాలాయి. ఇరుసు సగం దాకా చీలి ఉంది. ఆయన గానుగ ముందు ఉన్న పీట వైపే చూశాడు. దాని మీద కూర్చుని చెరుకు తోసేది మా అమ్మ.

"రేపు పొద్దన్నే ఆడ కూర్సోవాల్సింది మీ అమ్మ గదరా," అన్నాడు. "ఇన్నేండ్లు పక్కనే నిలబడుకోని, నాకు ఇనపడలేదే." ఆ ఇరుసు విరిగితే ముక్కలు తగిలేది ఆ పీటకే. నాకు భయం వేసింది.

నాయన గ్రీజు చేతులు తుడుచుకుంటూ, "బెంగుళూరు ఎప్పుడు పోతాండావు?" అని అడిగాడు.

"జనం ఆడలేదు గదా నాయనా."

"నేను ఆడనిస్తే గదా!"

బెంగుళూరు పోయాక నన్ను నలుగురికీ తెలిసేలా చేసింది ఆ పాటే. ఇప్పటికీ ఎక్కడ పెట్టినా ఆ టక్ దగ్గరే జనం ఎగురుతారు. అది పాడైపోయిన బేరింగని వాళ్లకు తెలియదు. మరుసటి ఏడు మళ్లీ రికార్డు చేద్దామని గానుగ దగ్గరికి వెళితే, కొత్త బేరింగుతో అది నూనె పోసినట్టు మెత్తగా తిరుగుతోంది, నాకు దేనికీ పనికిరాకుండా. (పాత బేరింగు ఒక పూట వేద్దామా అని అడిగి అమ్మ చేతిలో చీవాట్లు తిన్నాను.)

ఇప్పుడు నాకు నలభై దగ్గర పడింది, గడ్డం నెరిసింది. అయినా కొత్త పాట ఏది చేసినా బయటికి పంపే ముందు ఇంటికే తీసుకుపోతాను. నాయనకు చెవులు మందగించాయి. స్పీకరు మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని పాట అయ్యేదాకా కూర్చుంటాడు. ఎంత పెద్ద వేదిక మీదా రాని భయం నాకు అప్పుడు వస్తుంది. ఆ పెళ్లిలో లాగే, ఎక్కడ ఆపమంటాడో అని ఆపే మీట మీద వేలు పెట్టుకుని నిలబడతాను. పాట పూర్తయ్యాక ఆయన చెయ్యి తీస్తాడు.

"బేరింగు బాగుండాది," అంటాడు. "పంపించుకో."