కాక ఏడ్చిన మధ్యాహ్నం

కాక పోయాడు. పోయిన గురువారం సాయంత్రం గల్ఫ్‌లో, రూవిలో మా రూమ్ కింద ఉన్న కిరాణా కొట్టుకు ఫోన్ వచ్చింది. అవతల కాక పెద్ద కూతురు.

"అన్నా, తిన్నవా?" అని అడిగింది ముందు.

తిన్నానన్నాను. తర్వాత చెప్పింది. "బాపు పోయిండు. పొద్దుగాల చేన్ల నీళ్ళు పెట్టవోయి అక్కడనే పడిపోయిండు. దవాఖాన దాంక గూడ ఉండలే."

ఎదుటివాడు తిన్నాడో లేదో తెలుసుకోకుండా చెడ్డ కబురు చెప్పకూడదన్నది కాక పద్ధతి. బిడ్డకు కూడా నేర్పి పోయాడు. కొట్టతను నా మొహం చూసి కుర్చీ జరిపాడు. కూర్చోవాలని కూడా నాకు తోచలేదు.

ఆయన నాకు రక్తసంబంధీకుడు కాడు. ఆయనది ఆర్మూరు పక్క పల్లె, మాది జగిత్యాల వైపు. రూమ్‌లో అందరం ఆయన్ను బాబాయి వరసలో కాక అనే పిలిచేవాళ్ళం. తొంభైకి ముందు ఏడాది నేను ఇక్కడ దిగిన సాయంత్రం, ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక పెట్టె మీదే కూర్చుని ఉన్నాను. డ్యూటీ నుంచి వచ్చిన కాక చెప్పులైనా విడవకుండా నన్ను చూసి, గిన్నెలో అన్నం పెట్టి, పచ్చిపులుసు పోసి చేతికిచ్చాడు. "మొదలు తిను. ఏడుపొస్తే తర్వాత ఏడుద్దువు, ఇక్కడ ఎవ్వరేం అనరు" అన్నాడు. తిన్నాను. తర్వాత నిజంగానే ఏడ్చాను. ఎవరూ ఏమీ అనలేదు.

కాక మా కంపెనీలో డ్రైవర్. ఇంగ్లాండు నుంచి వచ్చిన పెద్ద ఇంజనీరుకు కారు నడిపేవాడు. ఆ సారూ మేడమూ ఊళ్ళో పెద్దవాళ్ళుండే ఖురుంలో ఉండేవాళ్ళు. ఆ కారులో ఎప్పుడూ ఇంగ్లీషు వార్తలు మోగుతుండేవట. కాకకు వచ్చిన ఇంగ్లీషంతా ఆ రేడియో నేర్పిందే. సాయంత్రం రూమ్‌కు రాగానే కింది మంచం మీద కాళ్ళు చాపుకుని "ఇయ్యాల్టి ముచ్చట ఇనుర్రి" అని మొదలుపెట్టేవాడు. ఎవరైనా అనుమానపడితే దాచుకునేవాడు కాదు. "సగమే సమజైంది. మిగిలింది నేనే కలిపిన" అని నవ్వేవాడు. మేం ఎండలో రోజంతా పైపులూ ఇటుకలూ మోసి వచ్చినవాళ్ళం. ఏ దేశంలో ఏం జరిగితే మాకేమిటి? అయినా ఆ ముచ్చట వినకపోతే ముద్ద దిగేది కాదు.

తొంభై ఏడో సంవత్సరమంతా ఆ ఇంగ్లాండే మా రూమ్‌లో కాపురముంది. ఆ ఏడు వాళ్ళకు ఎలక్షన్లు. మే నెలలో ఒక సాయంత్రం కాక వస్తూనే, "సర్కార్ పడిపోయింది రా! పద్దెనిమిదేండ్ల సంది ఉన్నోళ్ళు!" అని కేకేశాడు.

"ఎన్ని బస్సులు కాలవెట్టిర్రు?" అన్నాడు మేస్త్రి. మా రూమ్‌లో ఉండే తాపీమేస్త్రి అతను. నిర్మల్ మనిషి. ఎవరి మాటకైనా ఓ ఎకసెక్కెం సిద్ధంగా ఉంచుకునేవాడు.

"ఒక్కటి గూడ లేదు. ఓడిపోయినాయన తెల్లారే ఇల్లు ఖాళీ చేసి, క్రికెట్ సూడవోయిండట."

"మా ఊర్ల సర్పంచ్ ఓడి రెండేండ్లాయె. పంచాయతి కుర్చీ ఇంకా వాళ్ళింట్లనే ఉంది."

అందరం పడీపడీ నవ్వాం. ఆ రోజు సారు మొహం మాడిపోయిందనీ, మేడమ్ మాత్రం కిటికీ వైపు తిరిగి లోపల్లోపల నవ్వుకుందనీ కాక చెప్పాడు. "ఒక్క ఇంట్ల రెండు పార్టీలు. అయినా ఇద్దరు ఒక్క కారుల్నే కూసున్నరు" అని ఆశ్చర్యపోయాడు.

తర్వాత వాళ్ళు హాంకాంగ్‌ను చైనాకు అప్పజెప్పారు. వానలో జెండా దించారట. ఆ రోజు సారు కారులో ఒక్క మాటా మాట్లాడలేదట. "మనది ఇడిసిపెట్టి పోయిననాడు గూడ ఇట్లనే బాధవడ్డరా కాకా?" అని నేనడిగాను. "వాళ్ళు ఏడ్చిర్రో లేదో నాకెరుక లేదు. మనోళ్ళు మాత్రం శాన ఏడ్చిర్రు" అన్నాడు.

ఆగస్టు ఆఖరున వాళ్ళ యువరాణి చనిపోయింది. ఆ సాయంత్రం కాక ముచ్చట ఇనుర్రి అనలేదు. తలుపు దగ్గరే నిలబడి చెప్పాడు. "పారిస్‌ల సొరంగం రోడ్డుల కారు గుద్దుకుందట. డ్రైవర్ గూడ పోయిండు. అందరు ఆమె పేరే తీస్తున్నరు. ఆయనకు గూడ ఇంటికాడ ఎవలో ఉండే ఉంటరు గద." స్టీరింగు పట్టేవాడి మనసు ముందు ఆ డ్రైవర్ దగ్గరకే పోయింది.

ఆ వారమంతా మేడమ్ ఏడుస్తూనే ఉందట. వాళ్ళ ఎంబసీకి కాకే తీసుకెళ్ళాడు. ఎండలో పూలు పట్టుకుని వరసగా నిలబడ్డ తెల్లవాళ్ళను గురించి చెప్పాడు. వారం మధ్యలో ఒక సాయంత్రం మాత్రం ఏమీ చెప్పలేదు. ఒంట్లో బాగాలేదని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ కలిపి ఇచ్చాం. లేచి తాగి, గ్లాసు కడిగి పెట్టి మళ్ళీ పడుకున్నాడు.

శనివారం ఆమె అంత్యక్రియలు. సారూ మేడమూ టీవీ ముందు నుంచి కదలడం లేదని కాకకు మధ్యాహ్నం సెలవిచ్చారు. మా సైట్ అప్పుడు రూవిలోనే. భోజనాల వేళకు కాక మాతోపాటు మలయాళీ హోటల్‌కు వచ్చాడు. అక్కడ టీవీలో అదే చూపిస్తున్నారు. బండి మీద శవపేటిక. రోడ్డుకు రెండు వైపులా లెక్కలేనంత జనం. అంతమంది ఉన్నా చప్పుడు లేదు, గుర్రాల డెక్కల శబ్దం తప్ప. పేటిక వెనుక ఆమె ఇద్దరు కొడుకులు తలలు వంచుకుని నడుస్తున్నారు. చిన్నవాడు మరీ పసివాడు.

కాక అన్నంలో పెట్టిన చెయ్యి అలాగే ఉండిపోయింది. భుజాలు అదిరాయి. తర్వాత గొంతు బయటికొచ్చింది. ఎనిమిదేళ్ళ సావాసంలో ఆయన అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. పక్క బల్లల వాళ్ళు తినడం ఆపి చూశారు.

"కాకా, రాణిగారు నీకేమైతది? వరుసకు చెల్లెనా?" అన్నాడు మేస్త్రి. రెండు మూడు బల్లలు నవ్వాయి.

కాక టీవీ మీద నుంచి చూపు తిప్పలేదు. "నా పిల్లలు గూడ ఇట్లనే నడిచిర్రటరా" అన్నాడు.

"ఎవల యెనుక?"

"తల్లి యెనుక."

మేస్త్రి చేతిలో ముద్ద గాలిలోనే ఆగిపోయింది.

అప్పుడు చెప్పాడు. మంగళవారం పసుపు చేనులో కలుపు తీస్తుండగా ఆమెను పాము కరిచింది. నిజామాబాదు దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. మరునాడు కొట్టుకు ఫోన్ వచ్చేసరికి దహనం కూడా అయిపోయింది. మగపిల్లలు లేరు, ఆమెకు ఉన్న ఒక్క మరిది బొంబాయిలో. "పెద్దది అగ్గికుండ వట్టిందట. చిన్నది అక్క కొంగు వట్టుకొని నడిచిందట. నేను ఉంటే నేను వట్టేటోన్ని గద రా. పసిపిల్ల చేతికి నిప్పు ఇచ్చిర్రు." చేతులు బల్లమీద పెట్టి వాటినే చూసుకున్నాడు.

"మాకెందుకు చెప్పలే కాకా?" అన్నాను.

"చెప్తే ఏమైతది? మీ అందరికి ఇండ్లల్ల పెండ్లాలున్నరు. చేన్లకు పోతరు. మీరు నిద్రవోరు."

టీవీలో గుర్రాలు నడుస్తూనే ఉన్నాయి. లోకమంతా ఒక మనిషి కోసం ఏడుస్తున్న ఆ మధ్యాహ్నం, ఆ హోటల్లో మూల బల్ల దగ్గర మేం మా చిన్నమ్మ కోసం ఏడ్చాం. ఆమెను మాలో ఎవరూ చూసినవాళ్ళం కాదు. పేరు కూడా అప్పుడే అడిగి తెలుసుకున్నాం.

మేస్త్రి నా చెయ్యి పట్టి లేపాడు. బైజా బస్సనే చిన్న వ్యానెక్కి ఇద్దరం సారు ఇంటికి వెళ్ళాం. నల్ల బట్టల్లో మేడమ్ తలుపు తీసింది. కళ్ళు వాచి ఉన్నాయి. నాకు వచ్చిన ఇంగ్లీషులో "డ్రైవర్ వైఫ్, నో మోర్" అన్నాను. ఎప్పుడని అడిగింది. "ట్యూస్‌డే" అన్నాను.

ఆమె గడప మీదే కూర్చుండిపోయింది. గురువారం నాడు దారంతా తాను కారులో ఏడుస్తూనే ఉన్నాననీ, కాక కారు ఆపి, దిగి, నీళ్ళ సీసా కొని తెచ్చి ఇచ్చాడనీ, తన సంగతి ఒక్క మాట చెప్పలేదనీ అంటూ రెండు చేతులతో మొహం కప్పుకుంది. తర్వాత లేచి లోపలికి వెళ్ళి ఫోన్ మీద ఫోన్ చేసింది. ఆఫీసులో ఉన్న పాస్‌పోర్టు మరునాడే కాక చేతికొచ్చింది. కర్మల వేళకు ఇల్లు చేరాడు.

దసరా దాటాక తిరిగొచ్చాడు. పిల్లలను వాళ్ళ నాయనమ్మ దగ్గర ఉంచి రాక తప్పలేదు. గుండు మీద అప్పుడప్పుడే వెంట్రుకలు మొలుస్తున్నాయి. ఆ తర్వాత మాకు ముచ్చట చెప్పలేదు. మేమూ అడగలేదు. సాయంత్రాలు మేడ మీద టేప్‌రికార్డర్ పెట్టుకుని పిల్లల కోసం క్యాసెట్‌లో మాట్లాడేవాడు. ఇయ్యాల సారు ఏమన్నాడు, దారిలో ఒంటె ఎట్లా అడ్డమొచ్చింది, ఏ దేశంలో ఎవరు గెలిచారు. ఎవరు ఊరికి పోయినా ఒక క్యాసెట్ వాళ్ళ వెంట పోయేది. "వాళ్ళకు నా గొంతు అలవాటు తప్పొద్దు" అనేవాడు. మెట్ల మీద కూర్చుని మేమూ వినేవాళ్ళం. ఆయనకు తెలుసు. తెలిసే కొంచెం గట్టిగా మాట్లాడేవాడు.

పోయిన ఏడాది కాక తల్లికి చూపు ఆనడం మానేసింది. అంతే, కాక వీసా రద్దు చేయించుకున్నాడు. "లోకం ముచ్చట్లు శాన చెప్పిన. ఇగ ఇంటి ముచ్చట సూసుకుంట" అని విమానమెక్కాడు. ఇంటిని చూసుకున్నది నిండా ఏడాది కాదు.

మేస్త్రి ఇప్పుడు ఇక్కడికి దూరంగా సమాయిల్‌లో ఉంటున్నాడు. అతనికి ఫోన్ లేదు. శుక్రవారం పొద్దున్నే బస్సెక్కి వెళ్ళాను. ఒక ఖర్జూరం తోట చుట్టూ ప్రహరీ కడుతున్నాడు. సెలవు రోజైనా పని ఆపలేదు. నన్ను చూడగానే ఏదో ఎకసెక్కెం చేయబోయి, నా మొహం చూసి ఆగాడు.

"కాక" అన్నాను.

తాపీ గోడ మీద పెట్టి నిచ్చెన దిగాడు. "ఆ దినం హోటల్ల కాక ఏడుస్తుంటే నేను ఎకసెక్కెం చేసిన గద రా" అన్నాడు. తోటలో నీళ్ళు పారే సన్నని కాలువ గట్టున కూర్చుని చేతులు ముంచాడు. సిమెంటు తెల్లగా కరిగి చెట్ల మొదళ్ళ వైపు సాగిపోయింది. కొంతసేపటికి నీళ్ళు తేరుకున్నాయి. చేతుల మీద ఇక ఏమీ లేదు. మేస్త్రి తలెత్తకుండా కడుక్కుంటూనే ఉన్నాడు.