సింహం ముఖం ఎటు

హెర్మినె క్నెస్పెల్ పద్నాలుగో ఏట కుంచె పట్టింది. గాజు పళ్ళేనికి ఎనామెల్ బొమ్మ వెనకవైపు వేస్తారు, ముందు నుంచి చూస్తారు. అందుకని కుడి ఎడమవుతుంది. పాత యజమానుల రోజుల్లో నమూనా కాగితాలు ఆఫీసులోనే తిరగేసి పంపేవారు. కాగితాన్ని గాజు కింద పెట్టుకుని కనబడ్డ గీతనల్లా దిద్దడమే ఆమె పని.

యుద్ధంలో జర్మనీ ఓడాక, జర్మన్లుండే మా ఊరు చెక్‌లదైంది. యజమానులనీ, ఇరుగుపొరుగు జర్మన్లనీ, హెర్మినె చెల్లెల్నీ రైళ్ళెక్కించి పంపేశారు. ముదురు ఎరుపు కలపడం ఆమెకొక్కదానికే వచ్చు గనక ఆమెనీ భర్త అలోయిస్‌నీ ఉంచారు. గాజు సానపట్టీ పట్టీ అలోయిస్ ఊపిరితిత్తులు చెడిపోయాయి. వీధి మలుపు దాకా నడిస్తేనే గోడ పట్టుకు నిలబడతాడు. గూడ్సు రైలు పెట్టెలో ప్రయాణం అతనికి చివరిదవుతుందని ఆమెకు తెలుసు. చేతికి జర్మన్లు కట్టుకోవాల్సిన తెల్ల పట్టీ ఉందో లేదో చూసుకోకుండా గడప దాటేది కాదు.

ఆ శిశిరంలో జిల్లా అధికారులకు బహుమతిగా ఒక పళ్ళెం చెయ్యమన్నారు. ఎర్రరంగు మీద దేశపు చిహ్నం, రెండు తోకల తెల్ల సింహం. పళ్ళెం బట్టీలో చల్లారుతుండగా మేస్త్రీ వ్లాఖ్ వచ్చాడు.

"ఏమ్మా హెర్మినె, సింహం ఉడికిందా?"

"ఇంకా వేడిగానే ఉంది మేస్త్రీ గారూ."

"సాయంత్రానికి వాళ్ళొస్తారు. చూసుకో, ఎవర్నీ కరవకూడదు." తన మాటకు తనే నవ్వుకుని, టోపీ బల్ల మీద పడేసి సాన గదిలోకి వెళ్ళాడు.

టోపీ బిళ్ళ మీద సింహం ఎడమవైపు చూస్తోంది. హెర్మినె సొరుగులోంచి నమూనా తీసింది. కాగితం మీది సింహం కూడా ఎడమవైపే చూస్తోంది. కొత్త ఆఫీసువాళ్ళు దాన్ని తిరగెయ్యలేదు. ఆమె ఉన్నదున్నట్టు దిద్దేసింది, పళ్ళెంలో సింహం కుడికి తిరిగింది.

వేసవిలో ఒక జర్మన్ సానవాడి మర పాడైంది. కావాలనే చేశాడన్నారు. మర్నాటికి వాడి ఇల్లు ఖాళీ. జర్మన్ మనిషి చేత్తో వేసిన సింహం వెనక్కి తిరిగి ఉంటే, పొరపాటని ఎవరు నమ్ముతారు?

"ఏంటలా సున్నం కొట్టినట్టయిపోయారు?" అంది పక్క బల్ల దగ్గర లిబుషె. వసంతంలో లోపలి జిల్లాల నుంచి పని నేర్చుకోడానికి వచ్చిన చెక్ విధవరాలు. "మీ ఆయనకు ఎక్కువైందా?"

"లేదు."

"మరి ఆ కాగితాన్నెందుకు నలుపుతున్నారు?"

లిబుషె కాగితం చూసింది, టోపీ చూసింది. గొంతు తగ్గించింది.

"అంటే మా సింహం మిమ్మల్ని చూసి పారిపోతోందన్నమాట."

హెర్మినె నవ్వలేదు. "అలోయిస్ రైలెక్కలేడు," అంది.

లిబుషె లేచి, ఇనప కొక్కెంతో బట్టీ తలుపు బార్లా తెరిచింది. చలిగాలి లోపలికి పోయింది. పళ్ళెం సన్నగా టిక్కుమంది, ఆ వెంటనే గట్టిగా పగిలింది.

వ్లాఖ్ పరుగెత్తుకొచ్చాడు. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు? చల్లారకముందు తలుపు ముట్టుకోవద్దని. నీ చేతుల్లో ఏదీ బతకదా?"

"మా అత్తగారూ అదే అనేది," అంది లిబుషె. "నేర్చుకుంటున్నదాన్ని, చల్లారిందనుకున్నాను."

అతను ముక్కల్ని ఊడ్పించాడు. వచ్చేవాళ్ళ చేతిలో ఏదో ఒక కూజా పెడతానని, ఇంకో పళ్ళెం మొదలుపెట్టమని హెర్మినెకు చెప్పి వెళ్ళిపోయాడు. ఆమె కాగితాన్ని తిరగేసి కిటికీ అద్దానికి ఆనించి, వెనకవైపు కనబడ్డ గీతల్ని దిద్దింది.

లిబుషె తలగుడ్డ కట్టుకుంటూ ఆగింది. "రేపు ఆ ఎరుపు కలపడం చూపిస్తారా? ఎవరికీ చూపించరటగా."

అది ఇంకొకరికి వస్తే తమనిక ఉంచుకోవాల్సిన పని లేదు. బట్టీ ముందు ఇంకా గాజు నలుసులు మెరుస్తున్నాయి. హెర్మినె వాటినే చూస్తూ, "చూపిస్తాను," అంది.

మర్నాడు హెర్మినె రంగు పొడి పోస్తుంటే చెయ్యి జారి కొంచెం ఎక్కువ పడింది. ఆమె చెంచాతో వెనక్కి తీసింది.

"అలా తియ్యడం కూడా ఉందా ఇందులో?"

"లేదు. చెయ్యి జారింది."

"ఫర్లేదు, నిదానంగా చూపించండి," అంది లిబుషె, స్టూలు దగ్గరికి జరుపుకుంటూ. "నాకేం తొందర లేదు."